మైలిన్ చుట్టమని శ్వాన్ కణానికి ఎవరు చెబుతారు?

బయటి కబురును అందుకునే కణం ప్రొటీన్లు, అంటే రిసెప్టర్ల గురించి చెప్పే పాఠాల్లో తాళం, తాళంచెవి బొమ్మ తప్పకుండా కనిపిస్తుంది. కణం పైపొర మీద తాళం ఉంటుంది. బయటి నుంచి వచ్చే అణువు తాళంచెవి. చెవి దూరింది, తలుపు తెరుచుకుంది, కథ కంచికి. హార్మోన్ల గురించి మొదటి పాఠం చెప్పేటప్పుడు ఈ బొమ్మతో పని జరిగిపోవచ్చు. నరం పోగు చుట్టూ ఉండే కొవ్వు పొర, అంటే మైలిన్ ఎలా ఏర్పడుతుందో చెప్పేటప్పుడు మాత్రం ఇది తప్పుదోవ పట్టిస్తుందని నా గట్టి నమ్మకం. మైలిన్ ఏర్పడేటప్పుడు ఒకే రిసెప్టర్‌లోని ఒక ముక్క ఒక దశలో ఒక పని చేస్తే, మిగిలిన ముక్క తర్వాతి దశలో వేరే పని చేస్తుంది. ఒకే అణువు కొద్దిగా అందితే మైలిన్ పెరుగుతుంది, ఎక్కువగా అందితే ఉన్న మైలిన్ కూడా ఊడిపోతుంది. "ఫలానా రిసెప్టర్ మైలిన్‌ని పెంచుతుంది" అనే వాక్యం ఎప్పుడు, ఎంత, దేనితో కలిసి అన్నది చెప్పకపోతే సగం వాక్యమే. ఆ మిగతా సగాన్ని పక్కన పెట్టినందుకే మంచి ఆలోచనలు కొన్ని రోగుల దాకా వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చాయి. ఈ వ్యాసం ఆ మిగతా సగం గురించే.

ముందు రంగం మీద ఎవరెవరున్నారో చూద్దాం. మెదడు, వెన్నుపాములకు వెలుపల ఉన్న నరాల్లో మైలిన్ చుట్టేది శ్వాన్ కణం. ఒక్కో శ్వాన్ కణం ఒకే ఆక్సాన్ (నాడీకణం నుంచి సాగే పొడవాటి పోగు) మీద ఒకే ముక్క చుట్టుతుంది. పెద్ద ఆక్సాన్ మీద ఆ ముక్క పొడవు మిల్లీమీటరు దాకా ఉంటుంది. మెదడు, వెన్నుపాముల్లో ఈ పని ఒలిగోడెండ్రోసైట్‌ది. అది చేతులు చాచి పదుల సంఖ్యలో ముక్కలను ఒకేసారి చుట్టగలదు. చుట్టు లేని సన్నటి ఆక్సాన్‌లో సంకేతం సెకనుకు మీటరు వేగంతో నడిస్తే, మందంగా మైలిన్ చుట్టుకున్న పెద్ద ఆక్సాన్‌లో సెకనుకు 120 మీటర్ల దాకా పరిగెడుతుంది. మైలిన్ అంటే శ్వాన్ కణం పొరే ఆక్సాన్ చుట్టూ చాపలా చుట్టుకుపోవడం అని 1954లో బెట్టీ గెరెన్ కోడిపిల్ల పిండాల నరాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి తేల్చారు. అంతకు ముందు ఆక్సానే దాన్ని స్రవిస్తుందని అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

శ్వాన్ కణం నేరుగా చుట్టడం మొదలుపెట్టదు. పిండంలో నాడీ శిఖరం అనే కణాల పట్టీ నుంచి బయల్దేరి, పెరుగుతున్న ఆక్సాన్ల కట్ట వెంబడే జారుకుంటూ వస్తుంది. దారి పొడవునా విభజన చెందుతుంది. అప్పుడు కొన్ని శ్వాన్ కణాలు కలిసి వందల ఆక్సాన్లున్న ఒక కట్టను బయటి నుంచి పొదివి పట్టుకుని ఉంటాయి. తర్వాత కణాలు తమ రెక్కల్లాంటి పొరలను కట్ట లోపలికి చొప్పించి, ఒక మైక్రోమీటరు కంటే లావుగా ఉన్న ఆక్సాన్లను ఒక్కొక్కటిగా పక్కకు లాగుతాయి. దీన్ని రేడియల్ సార్టింగ్ అంటారు. విడదీశాక ఒక కణానికి ఒక ఆక్సాన్ అన్న జత కుదురుతుంది. అక్కడ కణం ఒకసారి ఆగుతుంది. చుట్టడానికి అంతా సిద్ధం, ఇంకా చుట్టలేదు. ఈ ఆగిన దశ పేరు ప్రోమైలినేటింగ్. ఆ తర్వాతే అసలు చుట్టడం. సన్నటి ఆక్సాన్లు కట్టగానే మిగిలిపోయి, మైలిన్ లేకుండా ఒక శ్వాన్ కణం మడతల్లో ఒదిగి ఉంటాయి. వాటిని రెమాక్ కట్టలు అంటాం.

ఇక్కడ రెండు నిర్ణయాలున్నాయి. ఏ ఆక్సాన్‌కు చుట్టాలి? ఎన్ని చుట్లు చుట్టాలి? రెండింటికీ జవాబు చెప్పేది ఆక్సానే. అది చెప్పిన మాట వినిపించుకునేది శ్వాన్ కణం మీదున్న ఎర్బ్‌బీ2, ఎర్బ్‌బీ3 అనే జంట రిసెప్టర్లు.

ఈ జంట ఏర్పాటు కాస్త చిత్రంగా ఉంటుంది. ఎర్బ్‌బీ3 బయటి అణువును పట్టుకోగలదు, కానీ లోపలివైపు కబురును ముందుకు పంపే దాని కైనేజ్ భాగం దాదాపు పని చేయదు. ఎర్బ్‌బీ2 కైనేజ్ బలమైనదే, కానీ అది ఏ అణువునూ తనంతట తాను పట్టుకోలేదు. ఒకటి చెవి, ఇంకొకటి చెయ్యి. రెండూ కలిస్తేనే పని. ఆక్సాన్ ఉపరితలం మీద ఉండే న్యూరెగ్యులిన్-1 టైప్ 3 అనే ప్రొటీన్‌ను ఎర్బ్‌బీ3 పట్టుకుంటే, ఎర్బ్‌బీ2తో జత కుదిరి లోపలికి కబురు వెళుతుంది. ఈ న్యూరెగ్యులిన్ రక్తంలో తిరిగి వచ్చే హార్మోన్ లాంటిది కాదు. ఆక్సాన్ పొరకే అతుక్కుని ఉంటుంది. తాకితేనే తెలుస్తుంది. లావు ఆక్సాన్ ఉపరితలం పెద్దది, కాబట్టి దాన్ని తాకే శ్వాన్ కణానికి అందే మొత్తం కూడా ఎక్కువ.

2004లో క్లౌస్-ఆర్మిన్ నావె బృందం ఎలుకల్లో చూపించింది ఇదే. న్యూరెగ్యులిన్-1 జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పోయిన ఎలుకల్లో మైలిన్ పల్చబడింది, నరంలో సంకేత వేగం తగ్గింది. నాడీకణాల్లో టైప్ 3ని మోతాదుకు మించి తయారయ్యేలా చేస్తే మైలిన్ మామూలు కంటే మందమైంది. ఎర్బ్‌బీ2 జన్యువు ప్రతుల్లో ఒకటి పోతే మాత్రం మందంలో తేడా రాలేదు. అంటే కొరత రిసెప్టర్‌లో లేదు, కబురులో ఉంది. చెవులు సరిపడా ఉన్నాయి, ఎంత గట్టిగా చెబుతున్నారన్నదే లెక్క. నా దృష్టిలో ఈ ఒక్క ఫలితమే తాళం బొమ్మను పక్కన పెట్టడానికి చాలు. తాళం తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు. ఇక్కడ జరుగుతున్నది కొలత.

మందం అంటే ఎంత తేడా అన్నది అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రంలో ఆక్సాన్ వ్యాసాన్ని, మైలిన్‌తో కలిపి మొత్తం వ్యాసంతో భాగిస్తే వచ్చేది జీ-నిష్పత్తి. ఆరోగ్యంగా ఉన్న పరిధీయ నరంలో (మెదడు, వెన్నుపాములకు వెలుపలి నరంలో) అది సుమారు 0.67. ఆక్సాన్ 6 మైక్రోమీటర్లయితే మొత్తం 9, అంటే ఒక్కో పక్క మైలిన్ 1.5 మైక్రోమీటర్లు. ఒక్కో చుట్టుకు 17 నానోమీటర్ల చొప్పున వేసుకుంటే 90కి కాస్త తక్కువ చుట్లు. అదే నిష్పత్తి 0.75కి పెరిగితే మొత్తం 8 మైక్రోమీటర్లే, ఒక్కో పక్క 1 మైక్రోమీటరు, చుట్లు 60కి దగ్గర. చూడటానికి 0.08 తేడా. నిజానికి మూడోవంతు మైలిన్ లేదు. అందుకే జీ-నిష్పత్తుల సగటు ఒక్కటే వేసి "స్వల్ప తేడా" అని తేల్చేసే పట్టికలను నేను నమ్మను. ప్రతి ఆక్సాన్ వ్యాసానికి ఎదురుగా దాని నిష్పత్తిని చుక్కగా పెట్టి చూడాలి. సన్నటి ఆక్సాన్ల దగ్గర తేడా ఉండి లావువాటి దగ్గర లేకపోవచ్చు, లేదా తిరగేసి ఉండొచ్చు. సగటు ఆ రెండింటినీ మింగేస్తుంది. కణజాలాన్ని రసాయనంతో స్థిరపరిచేటప్పుడు (ఫిక్స్ చేసేటప్పుడు) ఆక్సాన్ ముడుచుకుపోతే నిష్పత్తి ఉత్తపుణ్యానికి తగ్గి, మైలిన్ మందంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆక్సాన్‌కూ మైలిన్‌కూ మధ్య తెల్లటి ఖాళీ ఉన్న చిత్రాలను లెక్కలోకి తీసుకోకూడదు.

"ఏ ఆక్సాన్‌కు చుట్టాలి" అన్న ప్రశ్నకు జవాబు 2005లో వచ్చింది. సింపథెటిక్ నాడీకణాల (గుండె, రక్తనాళాల్లాంటి వాటిని మన ప్రమేయం లేకుండా నడిపేవి) ఆక్సాన్లకు మామూలుగా మైలిన్ ఉండదు, వాటి మీద టైప్ 3 చాలా తక్కువ. వైరస్ సాయంతో ఆ కణాల్లో టైప్ 3ని తయారు చేయిస్తే, శ్వాన్ కణాలు వాటికి కూడా మైలిన్ చుట్టాయి. ఆక్సాన్ స్వభావం మారలేదు, దాని మీద అతికించిన ఒక ప్రొటీన్ మోతాదు మారింది, అంతే.

ఈ మోతాదును పెంచే, తగ్గించే కత్తెరలు కూడా ఉన్నాయి. బేస్1 అనే ఎంజైమ్ న్యూరెగ్యులిన్‌ను సరైన చోట కత్తిరించి పనికొచ్చేలా చేస్తుంది. 2006లో బేస్1 లేని ఎలుకలను పరిశీలిస్తే పరిధీయ నరాల్లో మైలిన్ పల్చగా ఉంది. టేస్ అనే ఇంకో ఎంజైమ్ వేరే చోట కత్తిరించి కబురును నీరుగారుస్తుంది. నాడీకణాల్లో అది లేకపోతే మైలిన్ మందమవుతుంది. బేస్1 అంటే అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్‌ను తయారు చేసే కత్తెర అని చాలామందికి తెలుసు. దాన్ని ఆపే మందుల కోసం ఏళ్ల తరబడి ప్రయత్నాలు జరిగాయి. ఒక ఎంజైమ్‌ను "చెడ్డది" అని ముద్ర వేసే ముందు, అది పుట్టిన తొలి వారాల్లో ఏ పని చేసిందో చూడటం అవసరం.

న్యూరెగ్యులిన్ కబురు చేరిందంటే శ్వాన్ కణం వెంటనే చుట్టడం మొదలుపెడుతుందా? పెట్టదు. ప్రోమైలినేటింగ్ దశలో ఆగిన కణానికి ఇంకో అనుమతి కావాలి. దాన్ని ఇచ్చే రిసెప్టర్ జీపీఆర్126. ఈ మధ్య దీన్నే ఏడీజీఆర్‌జీ6 అంటున్నారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఇష్టమైన అణువు ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను.

2009లో కెల్లీ మంక్, విలియం టాల్బట్ తదితరులు దీన్ని జీబ్రా చేపల్లో పట్టుకున్నారు. ఈ జన్యువు చెడిన చేపల్లో శ్వాన్ కణాలు పుట్టాయి, నరం వెంబడి నడిచాయి, ఆక్సాన్లను విడదీశాయి, ఒకటికొకటి జత కుదిరింది. సరిగ్గా అక్కడ ఆగిపోయాయి. చుట్టు పడలేదు. మైలిన్ బేసిక్ ప్రొటీన్ పరిధీయ నరంలో కనిపించలేదు. అదే చేపల మెదడు, వెన్నుపాముల్లో మైలిన్ మామూలుగానే ఉంది. తర్వాత వాళ్లు చేసిన పని చూడండి. ఫోర్స్కోలిన్ అనే రసాయనం రిసెప్టర్‌తో సంబంధం లేకుండా కణం లోపల కబురు మోసే చిన్న అణువు సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. ఆ చేపపిల్లలను ఫోర్స్కోలిన్ కలిపిన నీళ్లలో ఉంచితే మైలిన్ వచ్చింది. రిసెప్టర్ లేదు, అది లోపలికి పంపాల్సిన కబురును మాత్రం నకలు చేశారు. ఇంకా విశేషం, సరైన సమయంలో కొద్దిసేపు ఇస్తే సరిపోయింది, రోజూ ఇవ్వనక్కర్లేదు. మైలిన్ ఒకసారి మొదలయ్యాక దాన్ని నిలబెట్టడానికి జీపీఆర్126 అవసరం లేదని చేపల్లో తర్వాత జరిగిన పరీక్షలు కూడా చెప్పాయి.

లోపల జరిగేది ఇది. జీపీఆర్126 జీఎస్ ప్రొటీన్‌ను కదిలిస్తుంది, సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, ప్రొటీన్ కైనేజ్ ఏ మేల్కొంటుంది, ఆక్ట్6 అనే ట్రాన్స్‌క్రిప్షన్ కారకం (జన్యువులను నడిపే ప్రొటీన్) పెరుగుతుంది, అది క్రాక్స్20ని పైకి లేపుతుంది. మైలిన్ ప్రొటీన్లను, కొవ్వులను తయారు చేసే జన్యువుల మీద పెత్తనం క్రాక్స్20ది. అది లేని ఎలుకల్లో శ్వాన్ కణాలు ఇదే ప్రోమైలినేటింగ్ గడప దగ్గర ఆగిపోతాయని 1994లోనే తెలుసు. మనుషుల్లో ఆ జన్యువును ఈజీఆర్2 అంటారు. దాని మ్యుటేషన్లు పుట్టుకతో వచ్చే హైపోమైలినేటింగ్ న్యూరోపతికి (మైలిన్ సరిగా ఏర్పడని నరాల జబ్బుకు) ఒక కారణం. జీపీఆర్126 పూర్తిగా చెడితే మనుషుల్లో ఫలితం ఇంకా కఠినం. గర్భంలోనే కీళ్లు బిగుసుకుపోయే ఆర్థ్రోగ్రైపోసిస్ వస్తుందని 2015లో బయటపడింది. నరాలు కబురు మోయకపోతే గర్భంలో బిడ్డ కదలదు, కదలకపోతే కీళ్లు బిగుసుకుంటాయి.

జీపీఆర్126 కట్టుబడి కూడా మామూలు రిసెప్టర్లది కాదు. ఏడుసార్లు పొరలోంచి అటూ ఇటూ దూరే భాగం ఒకటి. దానికి బయట వేలాడే చాలా పొడవాటి తల ఒకటి. ఈ రెంటి మధ్య గెయిన్ అనే ముడి దగ్గర ప్రొటీన్ తనను తానే తెంచుకుంటుంది. తెగినా రెండు ముక్కలూ విడిపోకుండా పట్టుకునే ఉంటాయి. తెగిన చోట పొరవైపు ముక్కకు ఒక చిన్న కొస మిగులుతుంది. ఆ కొసే రిసెప్టర్‌ను మేల్కొలిపే అణువు అని 2014లో తేలింది. అంటే తాళంచెవి తాళంలోనే కట్టేసి ఉంది, పైన తల కప్పి ఉంచింది. తలను ఎవరైనా లాగితే కొస బయటపడుతుంది.

లాగేది ఎవరు? శ్వాన్ కణం తన చుట్టూ బేసల్ లామినా అనే పల్చటి తొడుగు అల్లుకుంటుంది. అందులో లామినిన్-211, కొలాజెన్ 4 ఉంటాయి. రెండూ జీపీఆర్126 తలను పట్టుకుంటాయి. 2015లో వచ్చిన లామినిన్ ఫలితం నాకు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. కదలకుండా ఉన్న పాత్రలో కణాలకు లామినిన్-211 అందిస్తే సైక్లిక్ ఏఎంపీ తగ్గింది. అదే పాత్రను కదిలిస్తూ ఉంచితే సైక్లిక్ ఏఎంపీ పెరిగింది. ఒకే రిసెప్టర్, దాన్ని పట్టుకునే అణువు (లైగండ్) కూడా ఒకటే, జవాబు తలకిందులు. తేడా అల్లా యాంత్రికమైన లాగుడు. దీన్ని నరంలోకి తెచ్చి ఆలోచించండి. మొదట లామినిన్ వదులుగా ఉంటుంది, అప్పుడది రిసెప్టర్‌ను తొక్కిపెట్టి ఉంచుతుంది, కణం విడదీత పనిలో ఉంటుంది. తొడుగు బిగుసుకుని లామినిన్లు ఒకదానితో ఒకటి అల్లుకున్నాక లాగుడు మొదలై, రిసెప్టర్ మేల్కొని, చుట్టమని చెబుతుంది. తొడుగు పూర్తయ్యిందో లేదో రిసెప్టర్ తన తల మీద పడే బిగువుతో తెలుసుకుంటోంది. ఆ తల ముక్క ఒక్కటే ఉన్నా ఆక్సాన్ల విడదీత జరుగుతుంది, చుట్టడానికి మాత్రం పొరలో ఉన్న ముక్క కావాలి. ఒక జన్యువులో రెండు దశల పని ఇమిడి ఉంది.

ప్రయోగశాలలో మైలిన్ చేయించేవాళ్లకు ఈ తొడుగు సంగతి చాలాకాలంగా ఆచరణలో తెలుసు. పద్ధతి ఇది. 15 రోజుల గర్భంలోని ఎలుక పిండాల నుంచి డార్సల్ రూట్ గాంగ్లియాలను (వెన్నుపాము పక్కనుండే స్పర్శ నాడీకణాల ముడులను) తీసి, లామినిన్ లేదా కొలాజెన్ పూసిన గాజుపలకల మీద నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ ఉన్న ద్రవంలో పెంచుతారు. ఫైబ్రోబ్లాస్టులు (అతుకు కణజాల కణాలు) పెరిగి పాత్రను ఆక్రమించకుండా తొలి వారంలో విభజనను ఆపే మందు వేస్తారు. అది శ్వాన్ కణాలను కూడా చంపుతుంది కాబట్టి, తర్వాత శుభ్రం చేసిన శ్వాన్ కణాలను విడిగా చేరుస్తారు. అవి ఆక్సాన్ల వెంబడి వరుసగా పరుచుకునే దాకా ఆగి, మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల విటమిన్ సి కలుపుతారు. అక్కడి నుంచి రెండు మూడు వారాల్లో మైలిన్ ముక్కలు కనిపిస్తాయి. విటమిన్ సి ఎందుకంటే, అది లేకుండా కొలాజెన్ మూడు పేటల తాడుగా అల్లుకోదు, తొడుగు కట్టదు, చుట్టు పడదు. ఈ సంగతి 1987లోనే బంజ్ దంపతుల ప్రయోగశాల చూపించింది. కొలాజెన్ 4 నేరుగా జీపీఆర్126ను మేల్కొలుపుతుందని 2014లో తెలిసింది. ఆ రెండు తేదీల మధ్య 27 ఏళ్లున్నాయి.

ఇలా పాత్రలో కణాలను పెంచే ఈ కల్చర్లలో తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెప్పుకోవాలి. విటమిన్ సి ద్రావణం పాతబడితే నీరుకారిపోతుంది, రెండు మూడు రోజులకోసారి ద్రవం మార్చినప్పుడల్లా తాజాగా కలపాలి. శ్వాన్ కణాలు ఆక్సాన్ల మీద నిండా పరుచుకోక ముందే కలిపితే అరకొర మైలిన్ వస్తుంది. దీనికంటే పెద్ద తప్పు ఇంకోటి. ఆక్సాన్లు లేకుండా ఒట్టి శ్వాన్ కణాలకు ఫోర్స్కోలిన్ వేసి, మైలిన్ ప్రొటీన్లు కనిపించగానే "మైలిన్ వచ్చింది" అని రాసేయడం. అది మైలిన్ కాదు. జన్యువులు మేల్కొన్నాయి, చుట్టు లేదు. చుట్టిన ముక్కలను గీతల్లా లెక్కపెట్టాలి, ప్రొటీన్ పట్టీ ముదురు రంగు చూసి కాదు. ఇంకా, పెద్ద జాతి ఎలుకల (ర్యాట్) శ్వాన్ కణాలకు న్యూరెగ్యులిన్ మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు, దాంతోపాటు ఫోర్స్కోలిన్ 2 మైక్రోమోలార్ ఇస్తే అవి విభజన చెందుతూ పోతాయి. చుంచెలుకల (మౌస్) కణాలు అదే జోడీకి మైలిన్ జన్యువులను లేపే వైపు మొగ్గుతాయి. ఒక జంతువులో వచ్చిన ఫలితం ఇంకో జంతువులో రాకపోతే కల్చర్ పాడైందని అనుకోకండి. సైక్లిక్ ఏఎంపీ అనే ఒకే కబురును ఆ రెండు కణాలూ రెండు రకాలుగా వింటాయి.

విటమిన్ సి కథ ప్రయోగశాలలో ఆగలేదు. షార్కో-మరీ-టూత్ 1ఏ అనే జబ్బులో పీఎంపీ22 జన్యువు ఒక ప్రతి అదనంగా ఉంటుంది, మైలిన్ సరిగా నిలవదు, కాళ్లు, చేతులు క్రమంగా బలహీనపడతాయి. 2004లో ఆ జబ్బున్న ఎలుకలకు విటమిన్ సి ఇస్తే మెరుగైంది. రోగుల్లో ఎంతో ఆశ పుట్టింది. తర్వాత యూరప్‌లో రోజుకు 1.5 గ్రాములు, అమెరికాలో రోజుకు 4 గ్రాములు, రెండేళ్ల పాటు ఇచ్చి చూశారు. ప్రయోజనం కనిపించలేదు. ఎలుకల ఫలితం అబద్ధమని నేను అనను. కల్చర్‌లో విటమిన్ సి లేని కణాలకు అది అందుతుంది, లేని తొడుగు కడుతుంది. పెద్దవాళ్ల నరాల్లో తొడుగు ఎప్పుడో కట్టేసి ఉంది, రక్తంలో విటమిన్ సి సరిపడా ఉంది. అక్కడ కొరత ఉన్నది ఆ మెట్టు దగ్గర కాదు.

మెదడు వైపు చూస్తే ఇదే వాదన ఇంకో రకంగా బలపడుతుంది. ఒలిగోడెండ్రోసైట్లు ప్రాణం లేని ప్లాస్టిక్ పోగులకు కూడా పొర చుట్టగలవని 2012లో చూపించారు. పోగు లావు దాదాపు 0.4 మైక్రోమీటర్లు దాటితే చాలు. ఫార్మాల్డిహైడ్‌తో చంపిన ఆక్సాన్లకు కూడా అవి చుట్టాయి. ఎర్బ్‌బీ3, ఎర్బ్‌బీ4 రెండూ తీసేసినా మెదడులో మైలిన్ మామూలుగా వచ్చింది. అంటే శ్వాన్ కణం చుట్టమని చెప్పేదాకా ఆగుతుంది. ఒలిగోడెండ్రోసైట్ వద్దని చెప్పకపోతే చుట్టేస్తుంది. అందుకే మెదడులో మైలిన్‌కు సంబంధించిన రిసెప్టర్లలో చాలావరకు బ్రేకులే. జీపీఆర్17 ఎక్కువైతే కణం పండదు (పరిపక్వం కాదు), అది లేకపోతే మైలిన్ ముందుగానే మొదలవుతుంది. లింగో-1 కూడా బ్రేకే. పీడీజీఎఫ్ ఆల్ఫా రిసెప్టర్ కణాన్ని విభజన దశలోనే ఉంచుతుంది. జీపీఆర్56 కూడా అంతే, పూర్వకణాల సంఖ్యను పెంచుతుంది, అది లేకపోతే అవి తొందరపడి పండి, చివరికి మైలిన్ తక్కువవుతుంది. థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ ఒక్కటి గడియారంలా పని చేస్తుంది. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న పిల్లల్లో మైలిన్ ఆలస్యమవడానికి అదే కారణం.

బ్రేకు తీసేస్తే బండి కదులుతుందన్న ఆశతోనే మెదడు, వెన్నుపాముల్లో మైలిన్ ఊడిపోయే మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల్లో లింగో-1కి వ్యతిరేకంగా ఒపిసినుమాబ్ అనే యాంటీబాడీని పరీక్షించారు. 2016లో ఒక పరీక్ష, 2020లో ఇంకొకటి, రెండూ ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. మొదటి పరీక్షలో మధ్యస్థ మోతాదుల్లో కనిపించిన సూచన, ఎక్కువ మోతాదులో లేదు. తాళం బొమ్మతో చూసేవాళ్లకు ఇది గందరగోళం. న్యూరెగ్యులిన్ గురించి తెలిసినవాళ్లకు కొత్తేమీ కాదు. ఇంకోపక్క అలర్జీకి వాడే పాత మందు క్లెమాస్టిన్, ఎం1 మస్కరినిక్ రిసెప్టర్‌ను ఆపి ఒలిగోడెండ్రోసైట్‌ను పండనిస్తుంది. 50 మంది రోగుల మీద, రోజుకు రెండుసార్లు 5.36 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చిన పరీక్షలో, కంటి నుంచి మెదడుకు సంకేతం చేరే ఆలస్యం ఒక్కో కంటికి 1.7 మిల్లీసెకన్లు తగ్గింది. 2017లో వచ్చిన ఆ ఫలితం చిన్నదే, మందు వల్ల అలసట కూడా పెరిగింది. కానీ మైలిన్ పనితీరును సూటిగా కొలిచే పరీక్షను ఎంచుకోవడం వల్ల ఆ చిన్న తేడా కనీసం కంటికి ఆనింది. నడక, చేతి పని లాంటి పెద్ద కొలతల్లో కలిపేసి ఉంటే అది దొరికేది కాదు.

మోతాదు గురించి ఇంకో మాట. న్యూరెగ్యులిన్ మైలిన్‌కు మంచిదని చెప్పాను. కల్చర్‌లో కరిగిన న్యూరెగ్యులిన్‌ను కొద్దిగా ఇస్తే మైలిన్ పెరుగుతుంది. బాగా ఎక్కువ ఇస్తే కణం లోపల కబురు మోసే రాస్-ఈఆర్‌కే మార్గం చెలరేగి, మైలిన్ తగ్గుతుంది, కట్టిన మైలిన్ కూడా విప్పుకుంటుంది. కుష్ఠు బాక్టీరియా సరిగ్గా ఈ బలహీనతనే వాడుకుంటుంది. మైకోబాక్టీరియం లెప్రే న్యూరెగ్యులిన్ లేకుండానే నేరుగా ఎర్బ్‌బీ2కి అతుక్కుని, దాన్ని తప్పు సమయంలో మేల్కొలిపి, మైలిన్‌ను ఊడగొడుతుందని 2006లో చూపించారు. అంతకు ముందే అది లామినిన్ ద్వారా శ్వాన్ కణాన్ని పట్టుకుంటుందని తెలుసు. మైలిన్ కట్టడానికి నరం వాడే తొడుగునూ, రిసెప్టర్‌నూ రెండింటినీ ఈ క్రిమి తిరగేసి వాడుతోంది. పెద్దయ్యాక ఎర్బ్‌బీ2 తీసేసినా కట్టిన మైలిన్ దాదాపు చెక్కుచెదరదు. కాబట్టి పెద్దవాళ్ల నరంలో ఈ రిసెప్టర్ ఊరికే ఉన్నట్టే కనిపిస్తుంది. ఊరికే ఉన్నదాన్ని ఎవరైనా తట్టి లేపితే మాత్రం నష్టమే.

నరం తెగినప్పుడు మళ్లీ లెక్క మారుతుంది. పూర్తిగా ఎదిగిన ఎలుకల ఆక్సాన్లలో న్యూరెగ్యులిన్ తీసేస్తే ఉన్న మైలిన్‌కు ఏమీ కాదు, కానీ గాయం తర్వాత కొత్త మైలిన్ ఆలస్యంగా, పల్చగా వస్తుంది. శ్వాన్ కణాల్లో జీపీఆర్126 లేకపోయినా గాయం తర్వాత మైలిన్ తిరిగి రాదు. నిలబెట్టడానికి అక్కర్లేని రిసెప్టర్, మళ్లీ కట్టడానికి కావాలి. దీనికి తోడు ప్రియాన్ ప్రొటీన్ అంశం ఒకటుంది. ఆక్సాన్ల మీద మామూలు ప్రియాన్ ప్రొటీన్ లేని ఎలుకల్లో వయసు పెరిగేకొద్దీ పరిధీయ మైలిన్ పాడవుతుందని 2010లో తెలిసింది. 2016లో దాని సాగే తోక భాగం వెళ్లి మేల్కొలిపేది జీపీఆర్126నేనని బయటపడింది. చేపల్లో "నిలబెట్టడానికి అక్కర్లేదు" అని వచ్చింది, ముసలి ఎలుకలు "ఎంతోకొంత కావాలి" అంటున్నాయి. రెండూ సరైనవే కావచ్చు. చేపల్లో చూసిన కాలం ఒకటి, ఎలుకల్లో చూసిన వయసు వేరొకటి.

షార్కో-మరీ-టూత్ 1ఏ దగ్గరికే మళ్లీ వస్తాను. 2014లో ఆ జబ్బున్న పెద్ద జాతి ఎలుకలకు (ర్యాట్) కరిగిన న్యూరెగ్యులిన్‌ను పుట్టిన తొలి వారాల్లో మాత్రమే ఇచ్చి చూశారు. శ్వాన్ కణాలు పండే దశ అది. లోపలి రెండు మార్గాల మధ్య చెడిన తూకం సర్దుకుంది, ఆక్సాన్లు మిగిలాయి, ఇవ్వడం ఆపేశాక కూడా పెద్ద వయసులో ఆ మేలు నిలిచింది. దీన్ని మనుషులకు ఎలా అన్వయించాలన్నదే ఇప్పుడు అసలు పని. ఈ జబ్బు చాలామందిలో నడక తడబడినప్పుడో, పాదం వంపు తిరిగినప్పుడో, బడి వయసులోనో ఆ తర్వాతో బయటపడుతుంది. అప్పటికి శ్వాన్ కణాల తొలి కిటికీ మూసుకుపోయి ఉంటుంది. తల్లికో తండ్రికో ఆ అదనపు ప్రతి ఉందని ముందే తెలిసిన కుటుంబాల్లో బిడ్డకు రక్తపరీక్షతో మొదటి వారంలోనే తెలుసుకోవచ్చు. పరీక్ష ఉంది, సమయం తెలుసు, రిసెప్టర్ తెలుసు. పసిబిడ్డకు ఎంత మోతాదు, ఎన్ని రోజులు, కేన్సర్ కణాలను కూడా పెంచగల ఎర్బ్‌బీ2ను ఎంతవరకు కదిలించవచ్చు అన్న మూడు లెక్కలు తేలాలి. వచ్చే పరీక్షలను నడవలేని పెద్దల నడక వేగంతో కొలవకుండా, ఆ లెక్కల చుట్టూ కట్టమని అడుగుతున్నాను.